అనుమతి లేకుండా ఎవరూ మెహదీ కారాదు

మా ఇమాంపేటలో ఎవరైనా మెహదీ కాదలచుకుంటే గురువారం సాయంత్రం నమాజు అయ్యాక, పీర్లను నిలిపే ఆషూర్‌ఖానా వరండాలో హాజరు కావాలి. ఇది మా అంజుమన్ కమిటీ పెట్టిన రూలు. ఇంత కచ్చితమైన రూలు జిల్లాలో మరే పేటలోనూ లేదని సెక్రటరీ నవాజిష్ అలీ గారు కొంతకాలం గర్వంగా చెప్పుకున్నారు. ఆ రూలు ఎందుకు పుట్టిందో, ఎలా పోయిందో చెబుతాను.

మా పేటలో అందరం షియాలం. మా పన్నెండో ఇమాం మెహదీ గారు కంటికి కనిపించకుండా ఈ లోకంలోనే ఉన్నారనీ, ఒకరోజు బయటికి వచ్చి అన్యాయంతో నిండిపోయిన ప్రపంచాన్ని న్యాయంతో నింపుతారనీ మా నమ్మకం. వెయ్యేళ్ళకు పైగా ఎదురుచూస్తున్నాం. ప్రతి మజ్లిస్ సభ చివరా ఆయన త్వరగా రావాలని దువా చేస్తాం. ఎదురుచూడటం మాకు అలవాటైన పనే. ఎవరైనా "ఇదిగో, వచ్చేశాను" అంటేనే ఏం చేయాలో మాకు తెలియదు.

అలా అన్నవాళ్ళలో మొదటివాడు గులాం సఫ్దర్. అతను మా పేటవాడు కాదు. తాగునీళ్ళు శుభ్రంచేసే మెషిన్లు అమ్మడానికి వచ్చి, ఒక్కటి కూడా అమ్ముడుపోక, ఇమాం గారు తన కలలోకి వస్తున్నారని చెప్పడం మొదలుపెట్టాడు. మొదట తాను కబురు తెచ్చేవాణ్ణి మాత్రమేనన్నాడు. ఆ మాట నలుగురు నమ్మాక ప్రతినిధినన్నాడు. రంజాన్ నెల వచ్చేసరికి మధ్యలో ప్రతినిధులెందుకు, తానే ఆయననన్నాడు. అతని గొంతు మెత్తన. ఒంటికి రాసుకునే అత్తరు వాసన అతనికంటే ముందు వీధి మలుపు తిరిగేది.

అతన్ని మనసారా నమ్మినవాడు స్కూటర్ల మెకానిక్ అన్సర్ హుస్సేన్. ఎవరైనా బండి తోసుకొచ్చి "స్టార్ట్ కావట్లేదు భాయ్" అంటే, వచ్చినవాడికంటే ఎక్కువ బాధపడే మనిషి. "నేను వచ్చేశాక ఇంకా పనులేమిటి?" అని సఫ్దర్ ఒకమాట అనగానే అన్సర్ షెడ్డుకి తాళం వేసేశాడు. లోపల విప్పిన బళ్ళు విప్పినట్టే ఉండిపోయాయి. సెక్రటరీ గారి స్కూటరు ఇంజను ఒక మూల, చక్రాలు ఇంకో మూల ఉన్నాయి. ఆయన నడుస్తూనే పేట వ్యవహారాలన్నీ చూసుకోవాల్సి వచ్చింది.

అన్సర్ భార్య కనీజ్ ఫాతిమా కుట్టుమిషను తొక్కుతూ ఇల్లు నడిపింది.

"ఏమండీ, ఆయన వచ్చేస్తే సంతోషమే. తాహిరా పెళ్ళికైనా షెడ్డు తెరుస్తారా?" అని అడిగింది.

"లోకమంతా న్యాయంతో నిండబోతోంది కనీజ్. అందులో మన పిల్ల పెళ్ళి కాకుండా పోతుందా?" అన్నాడు అన్సర్.

తాహిరా వాళ్ళ కూతురు. బేకరీ ఖంబర్ అలీ కొడుకుతో పెళ్ళి కుదిరింది. కుర్రాడు కరెంటాఫీసులో ఉద్యోగం చేస్తాడు, బుద్ధిమంతుడు. పేరు మెహదీ అలీ. ఆ పేరు మా పేటలో వీధికిద్దరికి ఉంటుంది. ఇమాం గారి మీద ప్రేమతో పెట్టుకుంటాం. అప్పటిదాకా ఆ పేరు వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

పెళ్ళిమాటలు ఖాయం చేసుకుందామని అన్సర్ బేకరీకి వెళ్ళాడు. పెళ్ళిమాటలు మాట్లాడకుండా, "మీరూ ఒకసారి వచ్చి సఫ్దర్ సాబ్ చెయ్యి కళ్ళకద్దుకోండి వియ్యంకుడుగారూ. పెళ్ళిలో పెద్దకుర్చీ ఆయనకే వేద్దాం" అన్నాడు.

ఖంబర్ అలీకి పొయ్యి ముందు నిలబడి నిలబడి ఎప్పుడూ ఒళ్ళు వేడిగానే ఉంటుంది. ఆ మాటతో మరింత వేడెక్కింది.

"నా కొడుకు పెళ్ళిలో నాకంటే పెద్దకుర్చీ ఇంకొకడికా? వాడు ప్రవక్తగారి వంశంలో పుట్టిన సయ్యదు కూడా కాదు. నేను సయ్యదుని. మా అబ్బా సయ్యదు. నా కొడుకు పేరే మెహదీ. అంతకంటే నిదర్శనం ఏం కావాలి?"

"దేనికి నిదర్శనం?" అన్నాడు అన్సర్ అమాయకంగా.

ఖంబర్ అలీ అప్పటిదాకా దాని గురించి ఆలోచించలేదు. ఒక్క క్షణం ఆలోచించి, "నేనే ఆయననని చెప్పడానికి!" అన్నాడు. అనేశాక వెనక్కి తీసుకుంటే బాగుండదు కదా. బిస్కట్ల కోసం నిలబడ్డ నలుగురు ఆ మాట విన్నారు. సాయంత్రానికి బేకరీ చుట్టూ ఒక వర్గం తయారైంది. అంతకుముందు వాళ్ళు కూడా బిస్కట్లకే వచ్చేవాళ్ళు.

ఆ తర్వాత పేట పేటలా లేదు. సఫ్దర్ మనుషులు బేకరీ రొట్టె తినడం మానేశారు. ఖంబర్ అలీ మనుషులు అత్తరు రాసుకున్నవాళ్ళకి సలాం చెప్పడం మానేశారు. మంగలి షాపు అబ్బాస్ మాత్రం వచ్చినవాళ్ళని "ఎటువైపు?" అని అడిగి, వాళ్ళు ఎటు చెబితే అటే తల తిప్పి గీసేవాడు. పెళ్ళి మాత్రం ఆగిపోయింది. తనని ఒప్పుకోని ఇంటి పిల్ల తన ఇంటికి రావడానికి వీల్లేదన్నాడు ఖంబర్ అలీ. సఫ్దర్ సాబ్‌ని కాదన్న ఇంటికి కూతుర్ని ఎలా పంపనని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు అన్సర్. తాహిరా తన గదిలోంచి రావడం తగ్గించేసింది. మెహదీ అలీ కరెంటు మీటర్లు చూసే వంకతో వాళ్ళ వీధిలో రోజూ తిరిగి వెళ్ళేవాడు.

ఇక కల్పించుకోక తప్పదని అంజుమన్ కమిటీ సమావేశమైంది. ప్రెసిడెంటు మీర్ కాజిం అలీ గారు పెద్దమనిషి. ఆయనకి ఎవరి మనసూ నొప్పించడం ఇష్టం ఉండదు. సెక్రటరీ నవాజిష్ అలీ గారు సర్కారు కచేరీలో సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరయ్యారు. మనుషులు నొచ్చుకున్నా పరవాలేదు కానీ పద్ధతి నొచ్చుకోకూడదన్నది ఆయన అభిప్రాయం.

"పై విషయమై నా మనవి ఏమనగా," అన్నారు నవాజిష్ గారు, "తానే మెహదీనని దావా చేయడం తప్పు కాదు. అనుమతి లేకుండా దావా చేయడం తప్పు. అసలు దోషం అక్కడ జరుగుతోంది."

"ఇద్దరూ అబద్ధమే చెబుతున్నారు కదా?" అన్నారు కాజిం గారు.

"అబద్ధమా, నిజమా అనేది తదుపరి దశలో తేల్చవలసిన అంశం. ముందు క్రమబద్ధీకరణ జరగాలి."

ఆ రోజే రూలు పుట్టింది. ముందస్తు అనుమతి లేకుండా ఎవరూ మెహదీ కారాదు. దావా చేయదలచినవారు గురువారం కమిటీ ఎదుట విధిగా హాజరు కావలెను. విచారణ ముగిసేవరకు సదరు వ్యక్తిని 'తాత్కాలిక దావాదారు'గా పరిగణించడం జరుగుతుంది.

తాత్కాలికమే అయినా దావాదారు కదా, నిలబెట్టి మాట్లాడటం మర్యాద కాదని కాజిం గారు వాళ్ళకి చేతుల కుర్చీ వేయించారు. వట్టినే కూర్చోబెట్టడం బాగుండదని టీ, సమోసా పెట్టించారు.

మొదటి గురువారం సఫ్దర్, ఖంబర్ అలీ మాత్రమే వచ్చారు. రెండో గురువారానికి వరండా నిండిపోయింది. ఇంట్లో మాట చెల్లనివాళ్ళూ, ఊళ్ళో ఎవరూ కుర్చీ వెయ్యనివాళ్ళూ, పెన్షన్ తీసుకుని పొద్దు గడవనివాళ్ళూ అందరూ వచ్చారు. ఒకాయన తాను మెహదీని కాదనీ, కాబోతున్నాననీ, కుర్చీ మాత్రం ఇప్పుడే కావాలనీ అడిగాడు. రిటైరైన ఆర్టీసీ కండక్టరు సయ్యద్ బాఖర్ గారు కూడా అలాగే వచ్చి కూర్చున్నారు.

"మీరూనా బాఖర్ సాబ్?" అని కాజిం గారు ఆశ్చర్యపోయారు.

"మా ఇంట్లో గౌహర్ నన్ను మధ్యాహ్నం పూట వరండాలో కూడా కూర్చోనివ్వదు సాబ్. ఊడవాలంటుంది," అన్నారు బాఖర్ గారు సమోసా తుంచుకుంటూ.

నవాజిష్ గారు ఆయన్ని కూడా తాత్కాలిక దావాదారు చేశారు.

రూలు ఒకసారి పుట్టాక ఊరికే ఉండదు. మెహదీ అలీ పెళ్ళికార్డులు ముందే అచ్చయి ఉన్నాయి. ఆ కార్డొకటి నవాజిష్ గారి కంటపడింది. అందులో 'మెహదీ' అని పెద్ద అక్షరాల్లో ఉంది. అనుమతి లేకుండా ఒక వ్యక్తి తాను మెహదీనని ఊరంతా అచ్చువేసి పంచుతున్నాడు. ఆయన కుర్రాణ్ణి పిలిపించారు.

"నా పేరండీ అది," అన్నాడు మెహదీ అలీ.

"పేరని మీరంటున్నారు. చదివేవాడు దావా అనుకోవచ్చు. పైగా మీ తండ్రిగారు ఇప్పటికే తాత్కాలిక దావాదారు. ఒకే ఇంటినుంచి ఇద్దరికి అవకాశం లేదు. మీరు వేరే పేరుతో పెళ్ళి చేసుకోవచ్చును. కమిటీకి అభ్యంతరం లేదు."

"వేరే పేరుతో చేసుకుంటే అది వేరేవాడి పెళ్ళవుతుంది కదండీ?"

"ఆ అంశం కమిటీ పరిధిలోకి రాదు," అన్నారు నవాజిష్ గారు.

ఈ మాట విన్న రోజున కనీజ్ ఫాతిమా మిషను ఆపి, చున్నీ సర్దుకుని, నేరుగా ఆషూర్‌ఖానాకి వచ్చింది. ఆ పొద్దున్నే వీధి కొళాయి దగ్గర ఒకావిడ బిందె తగిలి ఆమె మోచెయ్యి వాచి ఉంది. మా పేటకి మునిసిపాలిటీ నీళ్ళు పొద్దున కాసేపే వస్తాయి. ఆ కాసేపట్లో ఆడవాళ్ళందరూ బిందెలు నింపుకోవాలి. బిందె బదులు రాయి పెట్టినవాళ్ళూ, రాయి బదులు చెప్పు పెట్టినవాళ్ళూ, ఏమీ పెట్టకుండానే "నేను నిన్ననే చెప్పాను" అనేవాళ్ళూ అందరూ ముందే ఉంటారు. అక్కడ జరగని అన్యాయం లేదు.

"ప్రెసిడెంటు సాబ్," అంది కనీజ్, "ఇక్కడింతమందిని కుర్చీల్లో కూర్చోబెట్టి సమోసాలు పెడుతున్నారు. ఇమాం గారు వస్తే దునియా మొత్తానికి న్యాయం చేస్తారని మా అమ్మ చెప్పింది, మీ అమ్మా చెప్పింది. వీళ్ళలో ఒక్కడు మా కొళాయి దగ్గర న్యాయం చేసి చూపించమనండి. ఆ ఒక్కటీ చాలు. మిగతా దునియా తర్వాత చూసుకుందాం."

ఆమె కోపంలో అన్న మాట అది. నవాజిష్ గారికి మాత్రం తెగ నచ్చేసింది. "ఆచరణాత్మక అర్హతా పరీక్ష," అన్నారు తృప్తిగా. అప్పటికప్పుడు తీర్మానం చేశారు.

మర్నాడు పొద్దున సఫ్దర్ వచ్చాడు. తెల్ల జుబ్బా, ఆకుపచ్చ శాలువా వేసుకున్నాడు. వెనకాల అన్సర్ గొడుగు పట్టుకుని నడిచాడు. వాన లేదు, ఎండా లేదు. అయినా పట్టుకున్నాడు. సఫ్దర్ కొళాయి గట్టు ఎక్కి చెయ్యెత్తాడు.

"నన్ను ఎక్కువగా ప్రేమించేవారు ముందు పట్టుకోండి," అన్నాడు మెత్తటి గొంతుతో.

"నేనే ప్రేమిస్తాను!" అంటూ ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా కొళాయి మీద పడ్డారు. కొళాయి తల ఊడి, నీళ్ళు పైకి చిమ్మాయి. జుబ్బా, శాలువా, అత్తరు అన్నీ తడిసి ఏకమయ్యాయి. జనంలోంచి బయటపడ్డ సఫ్దర్ తన ఘడియ ఇంకా రాలేదని చెప్పి, బస్టాండు వైపు నడిచాడు. నడక పరుగైంది. మళ్ళీ కనిపించలేదు.

తర్వాతి రోజు ఖంబర్ అలీ వంతు. అప్పటికి మునిసిపాలిటీ వాళ్ళు కొళాయి బిగించారు. ఆయన మీసం దువ్వుకుని, "ముందు ఆ నీలం బిందె పెట్టండి" అని తీర్పు చెప్పాడు.

అది ఆయన భార్య బిందె. ఆమెకే సిగ్గేసింది. "నా బిందె నా వంతుకే పెడతాను. ఈయన మాట ఎవరూ పట్టించుకోకండమ్మా. ఇంట్లోనూ ఇంతే, ఎవరేం చేయాలో తెలుసుకోకుండా అరుస్తాడు," అని బిందె తీసుకుని వరస చివరికి వెళ్ళి నిలబడింది. నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఖంబర్ అలీ ఆ రోజు బేకరీ తెరవలేదు.

ఆ సాయంత్రం కనీజ్ వెళ్ళి చూస్తే, అన్సర్ తాళం తీసి షెడ్డులో ఒక్కడూ కూర్చుని ఉన్నాడు. ముందురోజు తడిసిన గొడుగు ఒళ్ళోనే ఉంది. చాలా అనాలని వచ్చింది ఆమె. గొడుగు తీసి గోడకి ఆనించింది.

"నన్ను తిట్టు కనీజ్," అన్నాడు అన్సర్.

"తిట్టను. ఎందుకు నమ్మారో చెప్పండి."

అన్సర్ నేలమీది నట్టొకటి తీసి తుడిచాడు. "మా నాన్న ఎదురుచూశాడు. వాళ్ళ నాన్న కూడా చూశాడు. ప్రతి దువాలోనూ రా, రా అంటాం. ఎవరో ఒకరు వచ్చాననేసరికి, అబ్బ, నా బతుకులోనే వచ్చేశారనిపించింది. ఇంక ఎదురుచూడక్కర్లేదని ప్రాణం హాయిగా ఉండింది. అంతే."

కనీజ్ అతని పక్కనే పాత టైరు మీద కూర్చుంది. చీకటి పడ్డాక ఇద్దరూ కలిసి ఇంటికి వచ్చారు.

పరీక్ష ఇంకా అయిపోలేదు. మూడో వంతు కండక్టరు బాఖర్ గారిది. ఆయన సమోసాల కోసం వచ్చిన మనిషి, పరీక్ష అంటే భయపడ్డారు. అయినా రూలు రూలని నవాజిష్ గారు రెక్కపట్టుకుని తీసుకొచ్చారు. కొళాయి దగ్గర ఆ తోపులాట చూసేసరికి బాఖర్ గారికి పాత అలవాటు మేలుకుంది.

"హోల్డాన్! ఎక్కేవాళ్ళు కాదు, ముందు దిగేవాళ్ళు! బిందె నిండినమ్మ ఇటు దిగండి! గర్భిణీ స్త్రీకి సీటివ్వండి! ఆ చెప్పులకి సీటు లేదు, తీసెయ్యండి! జరగండమ్మా, జరగండి, లోపలంతా ఖాళీగా ఉంది! రైట్ రైట్!"

కొళాయికి లోపలంటూ ఏమీ లేదు. అయినా అందరూ జరిగారు. నీళ్ళు ఆగిపోయేలోగా పేటలో ప్రతి ఇంటి బిందె నిండింది. అలా జరగడం ఎవరూ ఎరగరు. ఒక ముసలావిడ బాఖర్ గారి చొక్కా అంచు కళ్ళకద్దుకుంది. మధ్యాహ్నానికల్లా ఆయన ఇంటి ముందు జనం చేరారు. కొడుకు మాట వినడం లేదని ఒకరు, గోడ పక్కింటివాడు జరిపేశాడని ఒకరు.

బాఖర్ గారు హడలిపోయి కమిటీ దగ్గరికి పరిగెత్తారు. "నా దావా వెనక్కి తీసుకుంటాను సాబ్. నేను అబద్ధమాడాను. కుర్చీ కోసం వచ్చాను."

నవాజిష్ గారు సీరియస్‌గా తల పంకించారు. "నిబంధనల్లో ఉపసంహరణకు అవకాశం లేదు. పైగా తన తప్పు తానే ఒప్పుకోవడం సత్యవంతుల లక్షణం. ఈ మాట మీకు అనుకూల సాక్ష్యంగా స్వీకరించడం జరుగుతుంది."

"మా ఆవిణ్ణి అడగండి సాబ్! నేను ఎలాంటివాణ్ణో ఆమె చెబుతుంది."

ఆయన భార్య గౌహర్ బీ వచ్చింది. "ఈయనా, ఇమామా? తౌబా! కూరలో నల్లీ బొక్కలన్నీ తన కంచంలోనే వేసుకుంటాడు. స్నానానికి వెళ్తే బకెట్టు ఖాళీగా వదిలేస్తాడు," అంది.

"గృహ సంబంధమైన ఆరోపణలు పరిగణనలోకి రావు," అన్నారు నవాజిష్ గారు.

ఈ గోల పై అధికారులదాకా పోయింది. శాంతి కమిటీ సమావేశం పెట్టడానికి ఆర్డీవో గారు స్వయంగా ఆషూర్‌ఖానాకి విచ్చేశారు. మగవాళ్ళం ఒకపక్క, పరదా వెనకాల ఆడవాళ్ళు ఒకపక్క కూర్చున్నాం. ఆర్డీవో గారు కొత్తగా వచ్చిన మనిషి, మర్యాదస్తుడు. కమిటీ వారు అనుసరిస్తున్న విధానం అత్యంత ఆదర్శప్రాయంగా ఉందని మెచ్చుకున్నారు. నవాజిష్ గారి ముఖం వెలిగిపోయింది.

"ప్రభుత్వానికి ఎవరి రాక పట్లా ఎట్టి అభ్యంతరమూ లేదు," అన్నారు ఆర్డీవో గారు. "కాకపోతే ఇకమీదట వచ్చేవారు పక్షం రోజుల ముందుగా మా కార్యాలయానికి తెలియపరచవలెను. ఏ దారిన వస్తారో, వెంట ఎందరు వస్తారో, మైకు వాడతారో లేదో స్పష్టపరచినచో తగు బందోబస్తు ఏర్పాటు చేయగలము. ముందస్తు సమాచారం లేకుండా వచ్చినచో, వచ్చినవారు ఎంతటివారైనా సరే, వెనుకకు పంపబడుదురు."

"చక్కగా సెలవిచ్చారు," అన్నారు నవాజిష్ గారు.

పరదా వెనకనుంచి గౌహర్ బీ గొంతు వినిపించింది. "ఒకమాట అడగొచ్చా సార్?"

"అడగండమ్మా."

"ఈ సన్నాసులు సరే. మరి అసలాయన వస్తే?"

"ఎవరమ్మా?"

"అసలు ఇమాం గారు. రేపు పొద్దున్నే వచ్చారనుకోండి. ఆ గుమ్మం దగ్గర నిలబడ్డారనుకోండి. ఆయన మీకు చెప్పకుండా వచ్చారని వెనక్కి పంపేస్తారా?"

ఆర్డీవో గారు నవాజిష్ గారి వైపు చూశారు. నవాజిష్ గారు రూలులో ఏముందో మనసులోనే చదువుకున్నారు. "నిబంధన అందరికీ సమానమే," అన్నారు చివరికి. "సదరు వారికి కూడా తాత్కాలిక..." అని, గుమ్మం వైపు చూశారు.

కాజిం గారు గుమ్మం వైపే చూస్తూ మెల్లగా లేచారు.

"ఆయన్ని నేను చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, సమోసా పెట్టి, బిందెలు నింపి చూపించమంటాను. అంతే కదా నవాజిష్? పాసైతేనే లోపలికి రానిస్తాం. డెబ్భై ఏళ్ళుగా రావయ్యా రావయ్యా అని పిలిచి, వచ్చేవాడికి తలుపు నేనే వేశాను." ఆయన చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చారు. తేరుకుని, "రూలు రద్దు. అందరి దావాలూ రద్దు. వాళ్ళ సంగతి దేవుడు చూసుకుంటాడు. కుర్చీలు లోపల పెట్టెయ్యండి," అన్నారు.

"రద్దు చేయాలంటే ప్రత్యేక సర్వసభ్య సమావేశం..." అని నవాజిష్ గారు లేచారు.

"కూర్చో నవాజిష్," అన్నారు కాజిం గారు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం మేమెవరమూ వినలేదు. నవాజిష్ గారు కూర్చున్నారు. ఆర్డీవో గారు ఊపిరి పీల్చుకుని, సమోసా ఉందా అని అడిగారు.

బాఖర్ గారు అందరికంటే ముందు ఇంటికి పరిగెత్తారు. వరండా ఊడ్చి మరీ కూర్చున్నారని తర్వాత తెలిసింది. ఖంబర్ అలీ రెండురోజులు తల దించుకుని తిరిగి, చివరికి ఒక అట్టపెట్టె నిండా బిస్కట్లతో అన్సర్ ఇంటికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడిపోయాడు.

"లోపలికి రండి భాయీసాబ్," అంది కనీజ్.

"నేను ఎవరినీ కాను చెల్లెమ్మా. బిస్కట్లు కాల్చుకునేవాణ్ణి," అన్నాడు ఖంబర్ అలీ.

"మాకు వియ్యంకుడు కావాలి. అంతకంటే పెద్దవాళ్ళు అక్కర్లేదు. రండి."

పెళ్ళి జరిగింది. మెహదీ అలీ సొంత పేరుతోనే చేసుకున్నాడు. పెద్దకుర్చీ ఎవరికీ వెయ్యలేదు, అందరూ చాపల మీదే కూర్చున్నారు. నిఖా చదివిన మౌలానా గారు చివర్లో ఇమాం గారు త్వరగా రావాలని దువా చేశారు. ఆమీన్ చెబుతున్నప్పుడు అన్సర్ గొంతు అందరికంటే వెనకగా, నెమ్మదిగా వినిపించింది.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం సెక్రటరీ నవాజిష్ గారు తన స్కూటరు తీసుకెళ్ళడానికి షెడ్డుకి వచ్చారు. అన్సర్ దాన్ని శ్రద్ధగా బిగించి, తుడిచి పెట్టాడు. అప్పుడే పంక్చరైన మోపెడ్ తోసుకుంటూ ఒక మనిషి వానలో తడిసి లోపలికొచ్చాడు. మా ఊరివాడు కాదు. బక్కగా, నెరిసిన గడ్డంతో ఉన్నాడు. చూరు కింద నిలబడి చేతులు రుద్దుకున్నాడు.

నవాజిష్ గారు ఆయన్ని పైనుంచి కిందకి చూశారు. "తమరు ఎక్కడినుంచి వస్తున్నారు? ఏ నిమిత్తం..."

అన్సర్ సెక్రటరీ గారి చేతిలో వేడి టీ గ్లాసు పెట్టాడు. చెయ్యి కాలి నవాజిష్ గారి మాట ఆగిపోయింది. రెండో గ్లాసు వచ్చినాయనకిచ్చి, పొడి తువ్వాలు అందించి, చక్రం విప్పడానికి కూర్చున్నాడు. పని అయ్యాక మోపెడ్ తానే రోడ్డుదాకా తోసుకెళ్ళి, స్టార్ట్ చేసి ఇచ్చాడు.

ఇంటినుంచి గిన్నెతో వచ్చిన కనీజ్ రోడ్డు వైపు చూసి అడిగింది. "ఎవరండీ ఆయన?"

"అడగలేదు," అన్నాడు అన్సర్ చేతులు తుడుచుకుంటూ. "వెనక టైరు కూడా అరిగిపోయింది పాపం. వానాకాలం వెళ్ళేలోగా మళ్ళీ ఒకసారి రమ్మన్నాను."